గుర్తు లేని కంబళి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ముగ్గురికీ ఒకటే పేరు. పుట్టిన ఊళ్ళో కాదు, ఐదేళ్ళప్పుడు అమ్మానాన్నలతో అమెరికా వచ్చి చేరిన ఈ పిస్కాటవేలో. మన వైపు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత రాస్తాం కదా. పాస్‌పోర్టులో అలాగే రాయించుకుని వచ్చిన మా నాన్నకి, ఇక్కడ ముందున్నదే పిలిచే పేరవుతుందని ఎవరూ చెప్పలేదు. దాంతో ఆయన పనిచేసే మందుల కంపెనీ ల్యాబ్‌లో ఇంటిపేరుతోనే చలామణి అయ్యారు. అమ్మ ఆస్పత్రి కార్డు మీదా అదే, బడిలో నా హాజరు పట్టీలోనూ అదే. ఫోను మోగి అవతలివాళ్ళు ఆ పేరుగలవాళ్ళు కావాలంటే ముగ్గురం మొహమొహాలు చూసుకునేవాళ్ళం.

ఆ పేరు చాకలి. మావాళ్ళు అనంతపురం వైపు ఒక చిన్న ఊళ్ళో తరతరాలుగా ఊరందరి బట్టలూ ఉతికినవాళ్ళు. మాకు వేరే ఇంటిపేరు ఉండే ఉంటుంది. కానీ నాన్నని బళ్ళో వేసిన రోజున అయ్యవారు అడక్కుండానే కులాన్ని ఇంటిపేరు చేసి రాసేశారట. నాన్న ఆ పేరుతోనే పరీక్షలన్నీ పాసయ్యారు, ఆ పేరుతోనే విమానం ఎక్కారు. ఇక్కడ ల్యాబ్‌లో ఆయన పై అధికారి, ఆరడుగుల మనిషి, పార్కింగ్ స్థలం ఆ చివర నుంచి ఈ చివరికి వినపడేలా 'చకాలీ' అని సాగదీసి ఆప్యాయంగా పిలిచేవాడు. అదే మాట మా ఊళ్ళో ఎలాంటి గొంతుతో పిలిచేవారో ఆయనకేం తెలుసు. నాన్న చెయ్యెత్తి నవ్వేవారు. ఆ నవ్వు వెనకాల ఏముందో అప్పట్లో నాకూ తెలియదు.

ఊరి సంగతులు నాకు గుర్తున్నవి బహు కొద్ది. వాటిలో ఒకటి మా అవ్వ, అంటే నాన్నవాళ్ళ అమ్మ, బట్టలకు గుర్తులు వేయడం. నల్లజీడి గింజలో సూది గుచ్చి, ఆ రసంతో బట్ట అంచున చిన్న గుర్తు పెట్టేది. ఒక ఇంటికి రెండు చుక్కలు, ఇంకో ఇంటికి గీతా చుక్కా, మరో ఇంటికి కొడవలి వంపు. అవ్వకు అక్షరం ముక్క రాదు, కానీ ఊరంతటి గుర్తులూ తలలో ఉండేవి. ఎంత పెద్ద మూటనైనా విప్పి ఏ ఇంటి బట్ట ఆ ఇంటి వరసలో వేసేది. నా గౌనుకి మాత్రం ఏ గుర్తూ ఉండేది కాదు. అందరి బట్టలకీ ఉంది, నాకే లేదని ఒకరోజు ఏడ్చి రాగాలు తీశాను. అవ్వ నవ్వి సూది పక్కన పెట్టేసిందే తప్ప గుర్తు వేయలేదు. మా ఇంట్లో ఎవరి బట్టకీ గుర్తు లేదని ఆ పూటే కనిపెట్టాను గానీ, ఎందుకు లేదో ఆలోచించే వయసు కాదు.

అమెరికా వచ్చాక మా నాన్న బట్టలు ఉతికే పని దరిదాపులకు వచ్చేవారు కాదు. శనివారాలు నాణేలు వేస్తే తిరిగే యంత్రాల షాపుకి మమ్మల్ని కారులో తీసుకెళ్ళేవారు. అమ్మా నేనూ మూటలు మోసుకుని లోపలికి వెళితే, ఆయన ఎండైనా మంచైనా కారులోనే పేపరు చదువుకుంటూ కూర్చునేవారు. అమ్మ ఎప్పుడైనా సాయానికి రమ్మంటే, 'నా వంతు నేను ఊళ్ళోనే ఉతికేసినా' అనేవారు. సోమరితనానికి మంచి సాకు దొరికిందని నేను అనుకునేదాన్ని.

మా పక్కింట్లో ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది. మేం ఇంట్లో పక్కింటి మామ్మ అనుకునేవాళ్ళం. పెళ్ళి చేసుకోలేదు. ఏదో ఆఫీసులో టైపిస్టుగా పనిచేసి రిటైరైంది. పోస్టుడబ్బా మీద ఆవిడ ఇంటిపేరు వాకర్ అని తెల్ల రంగుతో రాసి ఉండేది. రోజూ పొద్దున్నే కుక్కతో రెండు మైళ్ళు నడిచేది గనుక, పేరుకు తగ్గ మనిషి అని అమ్మ మెచ్చుకునేది. కారు పెట్టుకోవాల్సిన గరాజ్‌లో మగ్గం పెట్టుకుని, ఏడాదికి ఒకటో రెండో ఉన్ని కంబళ్ళు నేసేది. మామ్మతో మా నాన్నకి మంచి స్నేహం. ఆవిడకు కాయితాలంటే ఇష్టం, ఈయనకు కాయితాలంటే భయం. ప్రభుత్వానికి పంపాల్సినవన్నీ నాన్న పెన్సిల్‌తో నింపి తీసుకెళితే మామ్మ తన టైపు మిషన్ మీద చక్కగా కొట్టి పెట్టేది.

ఇక అసలు విషయం. అప్పటికి నాకు పదేళ్ళు. ఈ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు నాలుగో ఐదో ఉండేవి, అంతే. నెలకొక ఆదివారం ఎవరో ఒకరింట్లో కలిసి భోజనాలు. తెలుగువాళ్ళు కొత్తవాళ్ళని చూడగానే మొదట ఊరు అడుగుతారు, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు ఇంటిపేరు అడుగుతారు. ఒక ఆదివారం మేము కొత్తగా వెళ్ళిన ఇంట్లోని ఆంటీ కూడా అలాగే అడిగింది. నాన్న చెప్పారు. ఆవిడ ఓహో అని లోపలికి వెళ్ళింది. భోజనాలప్పుడు అందరికీ స్టీలు కంచాలు పెట్టి, మా ముగ్గురికీ కాయితం ప్లేట్లు పెట్టింది. వాటి మీద నీలం పువ్వులున్నాయి. నాకు అవే బాగున్నాయి.

ఆ ఆంటీ కూతురు మా బడే, నాకంటే ఒక క్లాసు పైన. మర్నాడు బస్సులో నా పక్కన కూర్చుని, సినిమా కథ చెప్పినంత మామూలుగా చెప్పింది. "మా తాతగారి ఊళ్ళో మీ పేరువాళ్ళు బట్టలు ఉతుకుతారంట. ఇంట్లోకి రానివ్వరంట. పెరట్లోంచి వచ్చి మూట తీసుకుపోతారంట. మా అమ్మ చెప్పింది."

పాపం, ఆ పిల్లకు ద్వేషమేమీ లేదు. విన్నది చెప్పింది. కానీ బస్సు బడికి చేరేలోపల నాకు నీలం పువ్వుల ప్లేట్లు ఎందుకు పెట్టారో అర్థమైపోయింది. ఆ రోజు టీచరు నా పేరు పిలిస్తే పలకలేదు. మళ్ళీ పిలిచింది, పలకలేదు. క్లాసులో ఉన్న తెల్లపిల్లల్లో ఒక్కరికీ ఆ పేరు అర్థం తెలియదని నాకు తెలుసు. అయినా అందరికీ తెలిసిపోయినట్టే చెవులు కాలిపోయాయి.

అప్పుడు మా వంటింటి బల్ల మీద పౌరసత్వం ఫారం ఉంది. అమ్మకి ఇంగ్లీషు చదివి పెట్టేది నేనే కనుక అందులోని ప్రతి గడీ నాకు తెలుసు. అందులో ఒక చోట, కొత్త పేరు కావాలనుకుంటే ఇక్కడ రాయండి అని ఉంది. ఆ సాయంత్రం నాన్న రాగానే ఆ గడి మీద వేలు పెట్టి, పేరు మార్చమన్నాను. ఎందుకని అడిగారు. బస్సులో విన్నది, ప్లేట్ల సంగతీ రెండూ చెప్పాను. ప్లేట్ల సంగతి ఆయన ఆ రోజే గమనించారని ఆ మొహం చూస్తే తెలిసింది. అన్నం తిన్నారు, చెయ్యి కడుక్కున్నారు, వచ్చి కూర్చున్నారు.

"ఏం పేరు పెట్టుకుందాం పాపా?" అన్నారు.

నేను పేరు సిద్ధంగానే పెట్టుకున్నాను. మా క్లాసులో ఒక అమ్మాయి ఇంటిపేరు కింగ్. ఆ పేరుంటే ఎవరూ పెరట్లోంచి రమ్మనరు కదా అని నా లెక్క. నాన్న నవ్వలేదు, కోప్పడలేదు. పెన్సిల్ తీసుకుని ఆ గడిలో నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పొందిగ్గా రాశారు. అమ్మే ఆగలేకపోయింది. "ఆ పేరు పెట్టుకొని రేపు ఊరికి పోతే మీయమ్మకు ఏమని చెప్తావు?" అంది. నాన్న ఫారం మడిచి పెట్టారు. కూతురు తలొంచుకుని తిరగకూడదు, ఆయనకు అదొక్కటే కనబడింది. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. ఆయన నిద్రపోయారో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

మర్నాడు ఫారం పక్కింటికి వెళ్ళింది. మామ్మ అది చదివి, ఈ పేరు ఎక్కడిదని అడిగిందట. నాన్న తనకొచ్చిన ముక్కల్లో ఉన్నది ఉన్నట్టు చెప్పారట. మామ్మ మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. సోమవారం టైపు చేస్తాను, ఈలోగా శనివారం పొద్దున్నే అమ్మాయిని పంపండి, నాకు ఒక జత కాళ్ళు కావాలి అందట.

కాళ్ళెందుకో ఎవరికీ అర్థం కాలేదు. అక్టోబరు నెల, ఎండ ఉంది గానీ చలి మొదలైంది. నేను వెళ్ళేసరికి మామ్మ పెరట్లో చిన్నపిల్లలు నీళ్ళాడుకునే గుండ్రటి ప్లాస్టిక్ తొట్టి పెట్టి, వంటింట్లోంచి కుండలతో ఉడుకునీళ్ళు తెచ్చి పోస్తోంది. అందులో సబ్బు ముక్కలు తరిగి వేసింది. అప్పుడే మగ్గం మీద నుంచి దించిన కంబళి తెచ్చి నా చేతిలో పెట్టింది. కంబళి అంటే కంబళి కాదు. దాని గుండా చూస్తే మామ్మ మొహం కనబడుతోంది. వేలు పెడితే దూరిపోతోంది. నెల రోజులు నేసింది ఇదేనా అనుకున్నాను, పైకి అనలేదు.

మామ్మ దాన్ని తొట్టిలో ముంచి, నా చెప్పులు విప్పించి, దాని మీద నడవమంది. జారిపడకుండా ఇద్దరం ఒకరి చేతులు ఒకరం పట్టుకున్నాం. ఆవిడా తొట్టిలోకి దిగింది, గౌను మోకాళ్ళ దాకా ఎత్తి కట్టుకుని. గుండ్రంగా తొక్కుతూ, అలిసిపోతే ఆగుతూ, నీళ్ళు చల్లారితే మళ్ళీ పోసుకుంటూ అరగంట నడిచాం. తొక్కుతూనే ఆవిడ కబుర్లు చెప్పింది. నేత పని మగ్గం మీద సగమే అవుతుందట. ఉన్ని బట్టని తడిపి, వేడి నీళ్ళలో తొక్కితేనే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని బట్ట చిక్కబడుతుందట. తొక్కకపోతే ఎంత గొప్పగా నేసినా గాలి ఆగదు, నాలుగు రోజుల్లో పోగులు విడిపోతాయి.

తర్వాత తన పేరు సంగతి చెప్పింది. పూర్వం ఇంగ్లండులో ఇలా బట్టని తొక్కడమే బతుకుతెరువుగా ఉన్న మనుషులుండేవాళ్ళట. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తొట్టెల్లో తడి బట్ట మీద నడవడమే పని. వాళ్ళ తాతల ఊరు ఉన్న ఉత్తరం వైపు వాళ్ళని వాకర్ అనేవారట. అదే పని చేసేవాళ్ళని దక్షిణాన ఫుల్లర్ అన్నారు, పడమర టక్కర్ అన్నారు. పిలుపులు మూడు, పని ఒకటే. నేను నడక ఆపి నిలబడిపోయాను. మా వీధి చివర ఉన్న పళ్ళ డాక్టరు ఫుల్లర్. మా బడిలో ఫుట్‌బాల్ ఆడే పొగరుబోతు కుర్రాడు టక్కర్. వీళ్ళందరి తాతముత్తాతలూ కాళ్ళతో బట్టలు తొక్కినవాళ్ళేనా అని అడిగాను. అవునంది మామ్మ. ఇంకో మాట కూడా చెప్పింది. సబ్బు లేని రోజుల్లో ఆ తొట్టెల్లో పోసేది ఇళ్ళిళ్ళా తిరిగి పోగుచేసి పులియబెట్టిన మూత్రమట. ఆ వాసనకి ఊళ్ళో ఎవరూ వాళ్ళ దగ్గరికి వచ్చేవారు కాదట.

నేను ఒక్క గెంతులో తొట్టిలోంచి బయటపడ్డాను. మామ్మ నవ్వి, ఇది సబ్బేనని చెప్పి మళ్ళీ దింపింది.

మీరు పేరు మార్చుకోలేదేం అని అడిగాను. నా పేరు నాకెప్పుడూ బరువు కాలేదమ్మా, ఎందుకంటే దాని అర్థం అందరూ మరిచిపోయారు, మా నాన్నకు కూడా తెలియదు, నేనే లైబ్రరీలో వెతికి తెలుసుకున్నాను అంది. మీ పేరు అర్థం ఇంకా గుర్తున్నవాళ్ళున్నారు కాబట్టి నీకూ నాకూ ఒకటి కాదు, నీకే కష్టం అని కూడా అంది. అంతా ఒకటే, బాధపడకు అని నన్ను ఊరడించి ఉంటే నేను ఆ రోజే మరిచిపోయేదాన్ని. నాది నీ అంత కష్టం కాదు అని ఒప్పుకుంది కనుక ఆవిడ మిగతా మాటలు కూడా నమ్మాను. కింగ్ సంగతి కూడా అడిగేశాను. ఆ పేరున్నవాళ్ళ ముత్తాతలెవరూ రాజులు కారంది. నాటకంలో కిరీటం పెట్టుకున్నవాడో, ఊరికే దర్జా ఒలకబోసేవాడో అయి ఉంటాడట. నా ముచ్చట అక్కడికి సగం తీరిపోయింది.

అప్పుడే నాన్న నన్ను అన్నానికి పిలవడానికి వచ్చారు. కంచె దగ్గర నిలబడి చూస్తున్నారు. నేను ఉత్సాహం కొద్దీ ఒకే చోట ఎగిరెగిరి దూకుతున్నాను. ఆయన కాసేపు ఓర్చుకున్నారు. తర్వాత ఇక ఓర్చుకోలేకపోయారు.

"అట్ల కాదు పాపా. ఒకే తావున దూకితే గుడ్డ ఒకపక్క గట్టిపడి ఇంకోపక్క వదులైపోతుంది. మడమ తిప్పు, జరుగుతా పో."

అని ఊరుకోలేదు. బూట్లు, మేజోళ్ళు విప్పి, ల్యాబ్‌కి వేసుకెళ్ళే ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, తొట్టిలోకి దిగారు. మామ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. నాన్న కాళ్ళు నేను అంతకు ముందు అంత దగ్గరగా చూడలేదు. మడమ ఆనించి, వేళ్ళతో ముందుకు తోసి, కాస్త వాలి మళ్ళీ అడుగు. తొట్టి చుట్టూ తిరుగుతుంటే నీళ్ళు కూడా ఆయనతో పాటే తిరిగాయి. కారులోంచి దిగని మనిషి ఈయనేనా అని నేను నోరు తెరుచుకుని చూశాను.

పాత రోజుల్లో మట్టి కూడా వాడేవారని, జిడ్డు పీల్చే ఒక రకం మన్ను ఉండేదని మామ్మ చెబుతుంటే నాన్న టక్కున ఆగిపోయారు. చౌడుమన్ను అన్నారు తెలుగులోనే. తర్వాత ఇంగ్లీషులో తడుముకుంటూ వాళ్ళ అమ్మ చౌడు తవ్వి తెచ్చి బట్టలు నానబెట్టడం, పెద్ద బానల మీద ఆవిరికి పెట్టి ఉబ్బ వేయడం, చలికాలం తెల్లారకముందే తను వాగులోకి దిగి కాళ్ళు తిమ్మిరెక్కేదాకా నిలబడడం చెప్పుకొచ్చారు. నాకు ఒక్కనాడూ చెప్పనివి. ఆ సంగతులన్నీ అడిగేవాళ్ళ కోసం ఆయన లోపల ఎదురుచూస్తున్నాయని అప్పుడు తెలిసింది. మామ్మ మధ్యలో అడ్డురాకుండా, తెలియనివి మళ్ళీ మళ్ళీ అడుగుతూ విన్నది. ఒకే పనివాళ్ళు ఇద్దరు కలిస్తే ఎలా మాట్లాడుకుంటారో అలా మాట్లాడుకున్నారు.

కంబళిని చల్లనీళ్ళలో జాడించి పిండే దగ్గర మామ్మకు చేతులు చాల్లేదు. నాన్న ఒక కొస ఆవిడకిచ్చి, రెండో కొస తను పట్టుకుని, ఆవిడ కుడికి తిప్పితే తను ఎడమకి మెలిపెట్టారు. నీళ్ళు ధారగా కారాయి. విప్పి చూస్తే అది పొద్దున నా చేతిలో పెట్టింది కాదు. మెత్తగా, దట్టంగా, బరువుగా ఉంది. దాని గుండా చూడబోయాను. మామ్మ మొహం కాదు గదా ఎండ కూడా కనబడలేదు.

కంచె మీద ఆరేస్తూ నాన్న అవ్వ గుర్తుల గురించి చెప్పారు. ఏ ఇంటికి ఏ గుర్తో, అక్షరం రాని మనిషి అన్నిటినీ ఎలా మనసులో పెట్టుకునేదో. మామ్మకి అది మహా నచ్చింది. లోపలికి వెళ్ళి, నీళ్ళకు చెదరని నల్ల సిరా కలం ఒకటి తెచ్చి, నా కంబళికి నా ఇంటి గుర్తు వేసిపెట్టండి అని నాన్న చేతిలో పెట్టింది.

నాన్న కంబళి అంచు ఎడమ చేతిలోకి తీసుకున్నారు. కలం మూత తీశారు. ఏ గుర్తు వేస్తారా అని నేను మునివేళ్ళ మీద నిలబడ్డాను. ఆయన కాసేపు ఆ అంచుని బొటనవేలితో నిమిరారు. తర్వాత మూత పెట్టేసి కలం తిరిగి ఇచ్చేశారు. మామ్మ ఏమైందన్నట్టు చూసింది. ఆవిడకి ఇంగ్లీషులో ఏదో చెప్పబోయి మాట దొరక్క, నా వైపు తిరిగారు.

"మీ మామ్మకు చెప్పు పాపా. గుర్తులు ఊరోళ్ళ బట్టలకు. మనింటి బట్టకు గుర్తెయ్యం."

నేను ఇంగ్లీషులో చెప్పాను. చెబుతుండగానే అవ్వ ఎందుకు నవ్విందో, నా గౌనుకి గుర్తు ఎందుకు వేయలేదో తెలిసింది. మామ్మ తడిచేత్తో నాన్న చెయ్యి పట్టుకుని అలాగే నిలబడింది. నాన్న కళ్ళలో నీళ్ళు నేను మొదటిసారి చూసింది ఆ పెరట్లోనే.

ఆ ఫారం మామ్మ వంటింటి బల్ల మీద, టైపు మిషన్ పక్కనే ఉంది. నన్నెవరూ వెళ్ళమనలేదు. నేనే లోపలికి వెళ్ళి, మామ్మ పెన్సిల్ వెనకున్న రబ్బరుతో ఆ నాలుగు అక్షరాలూ చెరిపేశాను. నాన్న నొక్కి రాయడం వల్ల కాయితం మీద గాడి మాత్రం మిగిలిపోయింది. సోమవారం మామ్మ ఆ గడిని ఖాళీగా వదిలి, పైన మా పేరు మా పేరుగానే టైపు చేసింది. కాకపోతే ఇంటిపేరుని చివరికి మార్చి పెట్టింది. అప్పటి నుంచి మా ఇంట్లో ముగ్గురికీ మూడు పేర్లు వచ్చాయి. ఫోను దగ్గర ఆ తికమక తప్పింది.

తర్వాత అంతా మారిపోయిందని చెబితే అబద్ధం. మరుసటి నెల మావాళ్ళు ఆ కుటుంబాన్ని భోజనానికి పిలిచారు. అమ్మ అందరికీ స్టీలు కంచాలే పెట్టింది. ఆంటీ తలనొప్పని రాలేదు. అంకుల్, ఆ అమ్మాయి మాత్రం వచ్చారు. అంకుల్ రెండోసారి పప్పు వేయించుకుని తిన్నారు. బస్సులో ఆ అమ్మాయికి కంబళి తొక్కిన కథంతా చెప్పాను, మూత్రం సంగతితో సహా. మావాళ్ళు ఉతికేవాళ్ళే, మీ తాతగారి బట్టలు తెల్లగా ఉన్నాయంటే మావాళ్ళ వల్లే అని కూడా అన్నాను. ఆ పిల్ల కాస్త ఆలోచించి, వచ్చే ఏడు నేనూ తొక్కుతానంది. తొక్కింది కూడా. వాళ్ళమ్మకి చెప్పకుండా. ఇప్పటికీ నెలకోసారి ఫోను చేసుకుంటాం. ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులే కబుర్లు.

నాన్న ఆ తర్వాత శనివారం నుంచి కారులోంచి దిగి, మాతో పాటు ఉతికే యంత్రాల షాపులోకి వచ్చేవారు. దుప్పట్లు మడత పెట్టడంలో ఆయనకి సాటి లేదు. అక్కడికి వచ్చే అమెరికన్ ఆడవాళ్ళు కొందరు, పరుపుకి తొడిగే, అంచుల్లో ఎలాస్టిక్ ఉండే దుప్పటి ఎలా మడవాలో చూపించమని ఆయన చుట్టూ చేరేవారు. అమ్మ అది చూసి మురిసిపోయేది, కాస్త ఉడుక్కునేది కూడా.

నేను కాలేజీలో ఉండగా మామ్మ పోయింది. వారం తర్వాత ఆవిడ మేనకోడలు కంబళి మడిచి పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. ఇది మీ ఇంటి బట్ట, ఇన్నాళ్ళూ నా దగ్గర ఉండిపోయింది, ఇచ్చెయ్యి అని అత్త రాసి పెట్టింది అని చెప్పింది. నాన్న రెండు చేతులా అందుకున్నారు. అంచులు నాలుగూ తిప్పి చూశారు. ఎక్కడా ఏ గుర్తూ లేదు.

ఇప్పుడు నాన్న లేరు, అమ్మ లేదు. కంబళి నా మంచం కాళ్ళవైపు ఉంటుంది. పెళ్ళప్పుడు మా ఆయన ఇంటిపేరు పెట్టుకోమని చెప్పినవాళ్ళున్నారు, నేను పెట్టుకోలేదు. మా టౌన్‌హౌసుల వరసలోకి ఏడాదికి ఒకటో రెండో తెలుగు కుటుంబాలు కొత్తగా వస్తాయి. మంచి పిల్లలు. ఆంటీ, ఏమైనా కావాలంటే చెప్పండి, కారులో తీసుకెళతాం అంటారు. తర్వాత చల్లగా, మీదే ఊరు ఆంటీ, మీ సర్‌నేమ్ ఏంటి అంటారు. మాట మార్చడం నాకు చేతకాదు. అడిగినంత తీరిగ్గానే చెబుతాను. ఒక్క క్షణం ఎవరికీ మాట రాదు. నేను మాత్రం ఆ క్షణం పొడుగునా వాళ్ళ మొహంలోకే చూస్తూ ఉంటాను. తర్వాత కాఫీ కలపనా అని అడుగుతాను, స్టీలు గ్లాసులోనే ఇస్తాను.

మొన్న జూన్‌లో మా మనవరాలు వేసవి క్యాంపుకి వెళుతుంటే, ప్రతి బట్ట మీదా పేరు రాసి పంపాలని వాళ్ళు చీటీ పంపారు. మా అమ్మాయికి తీరిక లేక ఆ పని నాకు అప్పజెప్పింది. నల్ల కలం పట్టుకుని కూర్చుని చొక్కాలు, మేజోళ్ళు, తువ్వాళ్ళు వరసగా రాసుకుంటూ పోయాను. మా అవ్వ కూడా ఇలాగే కూర్చునేది కదా అనుకుంటూ, ఒక్కో పేరు పక్కన సరదాకి ఒక చుక్క కూడా పెట్టాను. అన్నీ అయ్యాక ఆ పిల్ల నా గదిలోకి పరిగెత్తి కంబళి ఈడ్చుకుని వచ్చింది. రాత్రిళ్ళు చలేస్తుందట, అది కూడా కావాలంది. అంచులు వెతికి, మొహం చిట్లించింది.

"అమ్మమ్మా, ఇది మీద నేమ్ లేదు. రాయి నువ్వు. లేకపోతే లాస్ట్ అయిపోతుంది."

నేను కలానికి మూత పెట్టాను. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని కంబళి ఇద్దరి కాళ్ళ మీదా కప్పాను. పోదమ్మా, ఇది మనింటి బట్ట అన్నాను. ఎందుకో చెప్పమంది. చెప్పాను. చెప్పినంతసేపూ ఆ పిల్ల కంబళి అంచుని బొటనవేలితో నిమురుతూ కూర్చుంది. అది ఎవరూ దానికి నేర్పలేదు.